ఒహాయో కంటే బెంగళూరే దూరం

హొసూరు నుంచి కాలినడకన బయల్దేరిన కుర్రాడు అమెరికాలో డాక్టరేటు తీసుకుని, తిరిగొచ్చి బాగేపల్లికి కాలేజీ తెచ్చిన యథార్థ గాథ

1935వ సంవత్సరం. మైసూరు సంస్థానం, కోలారు జిల్లా, గౌరీబిదనూరు తాలూకాలోని హొసూరు.

పదిహేనేళ్ల కుర్రాడొకడు ఊరు దాటుతున్నాడు. పేరు నరసింహయ్య. తండ్రి హనుమంతప్ప, తల్లి వెంకటమ్మ. రెక్కాడితే గానీ డొక్కాడని ఇల్లు. ఊళ్లో బడి ఉన్నంతవరకు చదివాడు, బాగా చదివాడు. ఆ పైన చదవాలంటే హైస్కూలుండాలి. ఊళ్లో అది లేదు. చదువు ఆగిపోయింది. ఆ ఇళ్లల్లో అలా ఆగిపోయిన చదువు మళ్లీ మొదలవడం అరుదు. పొలం పనో, పశువుల వెంట తిరగడమో మిగులుతుంది.

ఈ కుర్రాడికి ఒక్క ఆధారముంది. ఊళ్లో తనకు పాఠం చెప్పిన మేష్టారొకరు ఇప్పుడు బెంగళూరులో, నేషనల్ హైస్కూల్లో ఉన్నారు. అక్కడికి చేరితే ఏదో ఒక దారి దొరుకుతుంది. కానీ చేరడమెలా? గౌరీబిదనూరు మీదుగా బెంగళూరుకు రైలుంది. టికెట్టుకు డబ్బుల్లేవు.

నడిచాడు.

ఎనభై కిలోమీటర్ల పైమాటే. ఆ దిక్కునుంచి బెంగళూరుకు దారి దొడ్డబళ్లాపురం, యలహంకల మీదుగా. రాగి చేలు, చెరువు కట్టలు, మధ్య మధ్య రాళ్ల గుట్టలు. పొద్దుగూకేసరికి సగం దారి. రాత్రి ఎక్కడో తల దాచుకుని తెల్లారి మళ్లీ నడక. రెండు రోజులకు బెంగళూరు వచ్చింది.

ఈ కుర్రాడు పాతికేళ్ల తర్వాత అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నుంచి న్యూక్లియర్ ఫిజిక్స్‌లో డాక్టరేటు తీసుకున్నాడు. ఆ తర్వాత బెంగళూరు యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయ్యాడు. కర్ణాటకలో ‘హెచ్ఎన్’ అంటే చాలు, ఇంటిపేరూ ఊరిపేరూ చెప్పక్కర్లేని మనిషయ్యాడు. కానీ ఆయన కథలో అన్నిటికన్నా పెద్ద ప్రయాణం ఏదని అడిగితే జవాబు అమెరికా కాదు. ఆ రెండు రోజుల నడకే.

గాంధీ పక్కన నిలబడిన పిల్లవాడు

నేషనల్ హైస్కూలు సర్కారువారి బడి కాదు. 1917లో, హోంరూల్ ఉద్యమపు వేడిలో, అనిబిసెంట్ చలవతో పుట్టిన జాతీయ విద్యాలయం. చదువుతో పాటు దేశం సంగతీ పిల్లల చెవిన పడే చోటు. పల్లెటూరి కుర్రాడు అక్కడ కుదురుకుని ఎంతో కాలం కాలేదు, 1936లో గాంధీజీ వచ్చారు.

ఆ వేసవిలో గాంధీజీ ఆరోగ్యం కోసం నంది కొండ మీద బస చేశారు. చిక్కబళ్లాపురం వాళ్లకు పెరటి కొండ అది. 1927లో కూడా ఆయన అక్కడే విశ్రాంతి తీసుకున్నారు. ఈసారి బెంగళూరులో నేషనల్ హైస్కూలుకు వచ్చినప్పుడు పిల్లలతో హిందీలో మాట్లాడారు. ఆ మాటల్ని కన్నడంలో చెప్పే పని ఒక విద్యార్థికి అప్పగించారు. ఆ విద్యార్థే నరసింహయ్య.

ఒక్కసారి ఆ దృశ్యం చూడండి. గౌరీబిదనూరు, బాగేపల్లి, చింతామణి వైపు పిల్లలకు రెండు భాషల మధ్య తిరగడం కొత్త కాదు. ఇంట్లో, బజారులో తెలుగు; బళ్లో, కచేరీలో కన్నడం. ఇక్కడ మూడోది హిందీ. మాట్లాడుతున్నది గాంధీ. ఎదురుగా బడి మొత్తం. ఆయన ఒక వాక్యం చెప్పి ఆగుతారు. ఆ ఆగిన చోట ఈ కుర్రాడు అందుకోవాలి. ఒక మాట వదిలేసినా, ఒక మాట కలిపినా మొత్తం చెడుతుంది. ఊరు దాటి ఏడాది తిరిగిన పిల్లవాడికి అది ఏ పరీక్షకూ తీసిపోదు.

అప్పటి నుంచి ఖద్దరు ఒంటి మీదికొచ్చింది. చివరి రోజు దాకా పోలేదు.

తర్వాత సెంట్రల్ కాలేజీలో ఫిజిక్స్ ఆనర్స్. సరిగ్గా డిగ్రీ చేతికొచ్చే వేళకు 1942 వచ్చింది. క్విట్ ఇండియా అనగానే క్లాసు వదిలి వీధిలోకి దిగాడు. బెంగళూరు, మైసూరు, ఎరవాడ జైళ్లు చూశాడు. అంతకు నాలుగేళ్ల ముందే, 1938 ఏప్రిల్ 25న, సొంత తాలూకాలోని విదురాశ్వత్థంలో జెండా సభ మీద పోలీసులు కాల్పులు జరిపి మనుషుల ప్రాణాలు తీశారు. ఆ తాలూకా పిల్లవాడికి ఉద్యమం పేపర్లో చదివే వార్త కాదు.

జైలు నుంచి వచ్చి, ఆగిన చదువు రెండోసారి అందుకున్నాడు. డిగ్రీ అయింది, ఎమ్మెస్సీ అయింది. 1946లో నేషనల్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరాడు. కాలేజీ అప్పటికి పుట్టి ఏడాది. హాస్టల్లో ఒక గది తీసుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు.

‘సి’ అంటే చింతామణి

ఇక్కడ కథ కాసేపు పక్కకు వెళ్లాలి. ఎందుకంటే ఈ సీమ నుంచి చదువు కోసం దూరం వెళ్లినవాళ్లలో హెచ్ఎన్ మొదటివారూ కారు, ఒంటరివారూ కారు.

చిక్కబళ్లాపురం పక్కన ముద్దేనహళ్లిలో 1861లో పుట్టారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పూర్వీకులది ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో మేనమామ అండ, పిల్లలకు ట్యూషన్లు చెప్పిన సంపాదన కలిసి బీఏ దాకా తెచ్చాయి. ఇంజనీరింగ్ చదవాలంటే పుణె వెళ్లాలి. మైసూరు ప్రభుత్వం సాయం చేసింది గనక వెళ్లారు, 1883లో మొదటి ర్యాంకుతో బయటికొచ్చారు. ఆ రోజుల్లో ఈ పల్లెలకు పుణె విదేశం కాదు గానీ, విదేశానికి పెద్ద తీసిపోదు.

రెండో మనిషి సీఎన్ఆర్ రావు. ఆ పేరులో ‘సి’ అంటే చింతామణి: చింతామణి నాగేశ రామచంద్రరావు. పుట్టింది 1934లో, బెంగళూరులో. తండ్రి బడుల ఇన్‌స్పెక్టర్. మైసూరు యూనివర్సిటీలో డిగ్రీ, 1953లో బనారస్‌లో ఎమ్మెస్సీ. ఆ వెంటనే పరిశోధనకు ఐఐటీ ఖరగ్‌పూర్‌లో స్కాలర్‌షిప్పు వచ్చింది. ఆర్థిక సాయం చేస్తామంటూ అమెరికా నుంచి నాలుగు చోట్ల పిలిచారు: ఎంఐటీ, పెన్ స్టేట్, కొలంబియా, పర్డ్యూ. పర్డ్యూ ఎంచుకున్నారు. 1958లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, డాక్టరేటు చేతిలో ఉంది. 1959లో తిరిగొచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో లెక్చరర్‌గా చేరారు. 2014లో భారతరత్న అందుకున్నారు.

ప్రతిభలో ఎవరు ఎక్కువ అన్నది ప్రశ్న కాదు. లెక్క చూడండి. ఇరవై నాలుగేళ్లకు ఒకరికి డాక్టరేటు, నలభైకి ఒకరికి. ఆ పదహారేళ్ల తేడాలో జైలు కొంత తిన్నది, పాఠాలు కొన్నేళ్లు తిన్నాయి. కానీ అసలు తేడా అంతకు ముందుది. ఒకరికి చింతామణి పేరులో మాత్రమే మిగిలింది. ఊరి నుంచి బెంగళూరు దాకా ఉన్న దూరాన్ని ఆయన పుట్టేసరికే ఇంటివాళ్లు దాటేశారు. ఇంకొకరు ఆ దూరాన్ని తన కాళ్లతో దాటాల్సి వచ్చింది.

కాగితాలు, డాలర్లు, ప్రభుత్వం దయ

1950లలో అమెరికా యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టడమంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు ఊహకు కూడా అందదు. యూనివర్సిటీ వివరాలు కావాలంటే ముందు ఒక ఉత్తరం రాయాలి. కేటలాగు, ఫారాలు ఓడ మీద వస్తే నెలలు. మార్కుల పట్టికల నకళ్లు టైపు చేయించి, అటెస్ట్ చేయించాలి. ఇద్దరు ముగ్గురు అధ్యాపకుల చేత సిఫార్సు ఉత్తరాలు రాయించి సీలు వేయించి పంపాలి. టోఫెల్ పరీక్ష ఇంకా పుట్టలేదు, అది 1964లో మొదలైంది. కాబట్టి ఇంగ్లిషు వచ్చునో రాదో ఆ ఉత్తరాలే చెప్పాలి. భారత్, అమెరికా ప్రభుత్వాలు 1950లో ఒప్పందం చేసుకున్నాక ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ అనే దారి ఒకటి తెరుచుకుంది. మిగతా వాళ్లకు యూనివర్సిటీ ఇచ్చే అసిస్టెంట్‌షిప్పే దిక్కు: ల్యాబులో పని చేయాలి, లేదా డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పాలి, ఆ జీతంతో చదువుకోవాలి.

సీటు వచ్చినంత మాత్రాన పనయిపోదు. పాస్‌పోర్టు కావాలి. అప్పట్లో అది హక్కు కాదు. ఇవ్వడమూ మానడమూ ప్రభుత్వం ఇష్టం. విదేశానికి వెళ్లడం పౌరుడి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో తేల్చింది 1967లో. పాస్‌పోర్టు చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఇక డబ్బు. డాలరు విలువ 4 రూపాయల 76 పైసలే. కానీ ఆ ధరకు డాలర్లు ఇచ్చేవాళ్లుండాలి కదా? 1957 నాటికి దేశంలో విదేశీ మారకం అడుగంటింది. రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా ఒక్క డాలరు కూడా చేతికి రాదు.

హెచ్ఎన్ ఆ దశాబ్దం చివర్లో ఒహాయో వెళ్లారు. నలభైకి దగ్గర పడిన వయసు. పదేళ్లుగా బల్లకు ఇవతల నిలబడి పాఠం చెప్పిన మనిషి మళ్లీ అవతల కూర్చోవాలి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాళ్ల పక్కన క్లాసులో నోట్సు రాసుకోవాలి, వాళ్లతో పాటు పరీక్షలు రాయాలి. ఆ తర్వాతే ప్రయోగం, ఆ తర్వాతే సిద్ధాంత వ్యాసం. యూనివర్సిటీ ఉన్న కొలంబస్ నగరపు చలి సంగతి చెప్పక్కర్లేదు.

కాలం మాత్రం భౌతికశాస్త్రానికి కలిసొచ్చింది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని వదిలింది. అమెరికా ఉలిక్కిపడింది. సైన్సులో వెనకబడిపోతున్నామన్న కంగారు పట్టుకుంది. మరుసటి ఏడాదే రక్షణ పేరుతో విద్యకు ప్రత్యేక చట్టం చేసి, యూనివర్సిటీల్లోకి డబ్బు కుమ్మరించింది. అణు భౌతికశాస్త్రం చదివినవాడికి అంతకన్నా మంచి రోజులు లేవు.

1960లో పీహెచ్‌డీ పూర్తయింది. తిరుగు ప్రయాణం కట్టారు.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. అప్పట్లో తిరిగి రావడం ఇప్పుడనుకునేంత అపూర్వ త్యాగం కాదు. 1946 చట్టం ప్రకారం అమెరికాలో స్థిరపడడానికి భారతీయులకున్న కోటా ఏడాదికి 100 మంది. ఆ తలుపు తెరుచుకుంది 1965లో. సీఎన్ఆర్ రావు తిరిగొచ్చారు, ఇంకా చాలామంది వచ్చారు. కాబట్టి హెచ్ఎన్ ప్రత్యేకత వెనక్కి రావడంలో లేదు. వచ్చాక ఎక్కడికి వెళ్లారన్నదే ప్రత్యేకత.

డాక్టరేటుతో బాగేపల్లికి

నేషనల్ కాలేజీకే వచ్చారు, ప్రిన్సిపాల్ అయ్యారు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టారు. వారం వారం ఒక శాస్త్రవేత్త వచ్చి మామూలు జనానికి అర్థమయ్యేలా ఉపన్యాసం ఇవ్వాలి. టికెట్టు లేదు, అర్హత లేదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ప్రశ్న అడగవచ్చు. 1960ల చివర్లో మరోసారి అమెరికా వెళ్లారు. ఈసారి సదరన్ ఇల్లినాయ్ యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి. 1972లో బెంగళూరు యూనివర్సిటీ వైస్ చాన్సలర్ అయ్యారు. 1976లో మహిమలను శాస్త్రీయంగా పరీక్షించేందుకు కమిటీ వేసి దేశమంతా చర్చకు తెర తీశారు. 1984లో పద్మభూషణ్ వచ్చింది. ఇన్ని జరిగినా ఇల్లు మాత్రం నేషనల్ కాలేజీ హాస్టల్లో గదే. 2005 జనవరి 31న పోయేదాకా అదే ఇల్లు.

ఈ జాబితాలో అందరూ తొందరగా దాటేసే పని ఒకటుంది. నేషనల్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున ఆయన పట్టుబట్టి రెండు చోట్ల కాలేజీలు పెట్టించారు. ఒకటి సొంత తాలూకా గౌరీబిదనూరులో. రెండోది బాగేపల్లిలో.

బాగేపల్లి ఎందుకు? ఆంధ్ర సరిహద్దుకు ఆనుకున్న తాలూకా. అటు పోతే హిందూపురం, కదిరి, అనంతపురం దిక్కు. ఇటు పోతే బెంగళూరు వంద కిలోమీటర్లు. వానను నమ్ముకున్న నేల. రాగి, వేరుశనగ. పీయూసీ అయ్యాక ఆడపిల్లను వంద కిలోమీటర్ల దూరం పంపి హాస్టల్లో ఉంచే స్తోమత ఎన్ని ఇళ్లకుంది? మగపిల్లవాడికైనా బస్సు చార్జీ, గది అద్దె ఎవరిస్తారు? కాలేజీ ఊళ్లో ఉంటే పొద్దున ముద్ద తిని వెళ్లి, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. డిగ్రీ చదవడం అప్పుడు ఇంటికి భారం కాదు.

పైనుంచి చూస్తే ఇది చిన్న పని. ఫోరం గురించి రాసినంతగా, కమిటీ గురించి వాదించినంతగా ఎవరూ బాగేపల్లి కాలేజీ గురించి రాయలేదు. కానీ 1935లో ఆ కుర్రాడు దాటిన ఎనభై కిలోమీటర్లకు సరైన సమాధానం ఇదే. ఇంకొకడు నడవక్కర్లేకుండా చేయడం.

ఇప్పుడు దూరమెంత?

2007లో కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్లాపురం జిల్లా అయింది. ఆ మరుసటి ఏడాది దేవనహళ్లి దగ్గర ఇప్పటి కెంపేగౌడ విమానాశ్రయం తెరుచుకుంది. చిక్కబళ్లాపురం నుంచి చూస్తే బెంగళూరు ఊరి కంటే విమానాశ్రయమే ముందొస్తుంది. బాగేపల్లి నుంచి నేషనల్ హైవే 44 ఎక్కితే ఎయిర్‌పోర్టు దాకా ఎక్కడా మలుపు తిరగక్కర్లేదు. దారి దగ్గరైంది. కాగితం మాత్రం ఇంకా దూరంగానే ఉంది.

చింతామణిలో ఒక రైతు కుటుంబం అనుకుందాం. పిల్ల ఇంజనీరింగ్ పూర్తి చేసింది, అమెరికాలో ఎమ్మెస్ చేయాలంటుంది. సీటు వచ్చింది. విద్యార్థి వీసాకు కావాల్సిన ఐ-20 కాగితం రావాలంటే మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు చూపాలి. బ్యాంకుకు వెళ్తారు. మామూలు విద్యారుణం పథకంలో 7.5 లక్షలు దాటితే తాకట్టు అడుగుతారు. నాయన పహాణీ తీసి చూపిస్తాడు: మూడెకరాలు, బోరు, టమాటా తోట. మేనేజరు తల అడ్డంగా ఊపుతాడు. సాగుభూమిని తాకట్టు పెట్టుకోవడానికి చాలా బ్యాంకులు ముందుకు రావు. టౌనులో సైటుందా, ఇల్లుందా, ఖాతా మీ పేరనే ఉందా? ఆ ప్రశ్న దగ్గర ఎన్నో ఐ-20లు ఆగిపోతాయి. విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు, చెన్నైకో హైదరాబాదుకో ఇంటర్వ్యూకి ప్రయాణం, ఇవన్నీ తర్వాతి మాట.

అంతకన్నా ముందు ఆగేవాళ్లు ఇంకా ఎక్కువ. ఎందుకు ఆగారో వాళ్లకే తెలియదు. అమెరికాలో ఎమ్మెస్‌కు మన డబ్బు పెట్టాలి గానీ, సైన్సులో పీహెచ్‌డీకి చాలా యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి జీతం కూడా ఇస్తాయన్న సంగతి ఎంతమంది డిగ్రీ పిల్లలకు తెలుసు? దరఖాస్తు ఫీజు కట్టలేమని రాస్తే కొన్ని చోట్ల మాఫీ చేస్తారని? ప్రొఫెసరుకు మనమే నేరుగా రాయవచ్చని? ఎస్సీ కుటుంబాల పిల్లల కోసం కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుందని, అది 1954 నుంచే ఉందని? కర్ణాటక ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ పిల్లలను విదేశీ చదువుకు పంపడానికి ప్రబుద్ధ పథకం పెట్టిందని? బెంగళూరు పెద్ద కాలేజీలో ఈ సంగతులు క్యాంటీన్లో తెలిసిపోతాయి. సీనియర్ ఒకడు నిరుడే వెళ్లుంటాడు, వాడు ఇంకొకడికి చెబుతాడు. ఇక్కడ ఆ సీనియర్ లేడు. ఉన్నది బస్టాండు గోడ మీద కన్సల్టెన్సీ పోస్టరు. ఆ పోస్టరువాడు తనకు కమీషనిచ్చే కాలేజీ పేరే చెబుతాడు గానీ, జీతమిచ్చి చదివించే చోటు పేరు చెప్పడు.

సిఫార్సు ఉత్తరం సంగతి ఇంకొకటి. విద్యార్థినే రాసుకు రమ్మని, కింద సంతకం పెట్టి ఇచ్చే అలవాటు మన కాలేజీల్లో పాతుకుపోయింది. అవతల చదివేవాడికి అది ఇట్టే తెలిసిపోతుంది. ఈ పిల్ల ల్యాబులో ఏం చేసింది, ఏ ప్రశ్న అడిగింది, ఎక్కడ తప్పు పోయి ఎలా సరిదిద్దుకుంది అని నాలుగు వాక్యాలు రాయాలంటే ఆ పిల్ల ఎవరో మేష్టారికి తెలిసి ఉండాలి. సీటు తెచ్చేవి ఆ నాలుగు వాక్యాలే.

1935లో హొసూరు కుర్రాడికి డబ్బు లేదు, రైలు టికెట్టు లేదు, ఊళ్లో హైస్కూలు లేదు. ఉన్నదల్లా వాడెవరో తెలిసిన మేష్టారు ఒకరు బెంగళూరులో ఉండడం. ఆ ఒక్క పరిచయం ఒహాయో దాకా పనికొచ్చింది. తిరిగొచ్చాక హెచ్ఎన్ ఊళ్లల్లో కాలేజీలు పెట్టించింది గోడల కోసం కాదు. ప్రతి తాలూకాలోనూ అలాంటి మేష్టారు ఒకరుండాలని. గోడలు లేచాయి. బాగేపల్లి పిల్లలు ఇప్పుడు డిగ్రీ కోసం ఊరు దాటక్కర్లేదు. ఇక మిగిలింది ఆ గోడల మధ్య పాఠం చెప్పేవాళ్ల వంతు. ఫైనలియర్ పిల్లలను ఓ సాయంత్రం కూర్చోబెట్టి, ఏ కాగితం ఎప్పుడు పంపాలో, ఏ స్కాలర్‌షిప్పుకు గడువు ఎప్పుడో చెప్పడానికి డాక్టరేటు అక్కర్లేదు, ఒహాయో వెళ్లి రానూ అక్కర్లేదు.